బెండాకు పత్తా, వెడల్పాకు పత్తా: వెలుతురు లెక్కన ఏది మేలు?

90×60 సెం.మీ. దూరంలో, అంటే ఎకరాకు 7,400 మొక్కలున్న చేలో వెడల్పాకు పత్తే మేలు. 90×15లో దాదాపు 30,000 మొక్కలు పెట్టే చేలో, అందునా నల్లరేగడిలో, బెండాకు రకం (బెండ ఆకులా లోతుగా చీలిన ఆకులున్న పత్తి) దొరికితే దానికే మొగ్గాలి. తేడా అంతా మొక్క అడుగున ఉండే ఆకు దగ్గర వస్తుంది.

నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు సెకనుకు దాదాపు 2,000 మైక్రోమోల్‌ల (ఆకు వాడుకునే వెలుతురుకు కొలత) వెలుతురు పడుతుంది. పూర్తిగా విప్పుకున్న పత్తి ఆకు 1,500 దాకా కిరణజన్య సంయోగక్రియను పెంచుకుంటూనే పోతుంది. పైగా వెడల్పాకులు పొద్దుతో పాటు తిరుగుతాయి. కొసనున్నవాటికి అది లాభమే, కిందివాటికి మాత్రం నీడ. ఎకరం నేల మీద మూడెకరాల ఆకు పరుచుకునేసరికి అడుగుకు చేరేది సుమారు పదో వంతు. అక్కడి ఆకు తయారుచేసిన పిండిపదార్థంలో చాలా భాగం దాని శ్వాసకే పోతుంది, పక్కనున్న కాయకు మిగిలేది కొంచెమే. గూడ (పూమొగ్గ), పది రోజుల లోపు పిందె రాలడానికి ఇదొక పెద్ద కారణం.

బెండాకులో తమ్మెలు (ఆకు పాయలు) లోతుగా చీలి ఉంటాయి, ఆకు విస్తీర్ణం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఎండ కిందికి దిగుతుంది, గాలి ఆడుతుంది, కాయకుళ్లు, తెల్లదోమ తగ్గుతాయి. ఆస్ట్రేలియా సియోక్రా రకాలవి ఈ ఆకులే. అయితే మొక్కలు పలచగా ఉన్నా, ఎర్రనేలలో ఎదుగుదల మందగించినా ఎండ సాళ్ల మధ్య నేలపాలై కలుపు లేస్తుంది.

విత్తన దుకాణంలో ఎక్కువగా దొరికేవి వెడల్పాకు హైబ్రిడ్లే. దగ్గర సాళ్లలో అవే వేస్తే గుబురు తగ్గించాలి: ఎదుగుదలను అదుపుచేసే మెపిక్వాట్ క్లోరైడ్ 5% మందు లీటరు నీటికి 1 మి.లీ. చొప్పున విత్తిన 45 రోజులకు ఒకసారి, 65 రోజులకు మరోసారి. బెట్టకొచ్చిన పైరు మీద కొట్టకండి, ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది.

70 రోజుల పైరులో మిట్టమధ్యాహ్నం సాలు మధ్య నేల చూడండి. ఎండ చారలు అస్సలు లేకుంటే గుబురు ఎక్కువైనట్టే. అడుగు ఆకులు పండగానే నత్రజని లోపమనుకుని యూరియా చల్లేస్తారు. కొస ఆకులు ముదురాకుపచ్చగా, కణుపుల మధ్య దూరం 7-8 సెం.మీ. దాటి ఉంటే అది నీడ వల్లే. యూరియా వేస్తే ఆ నీడ ఇంకా చిక్కబడుతుంది.

వారం రోజుల ముసురు పడితే మాత్రం రెండు ఆకులూ ఒకటే. మబ్బు వెలుతురు అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి కింది ఆకుల వాటా కాస్త పెరుగుతుంది, కానీ మొత్తమే చాలదు. పూత, పిందె రాలకుండా వాడే హార్మోన్ మందు ప్లానోఫిక్స్ 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. కలిపి కొడితే రాలడం కొంత తగ్గుతుంది, వెలుతురు లోటు మాత్రం తీరదు.