జాగ్రత్త: "మల్టీగ్రెయిన్", "చక్కెర కలపలేదు" అన్న ప్యాకెట్లను బుట్టలో వేసేముందు వెనక్కి తిప్పండి

ఆరోగ్యానికి మంచివని ఎక్కువ ధర పెట్టి తెచ్చుకున్న మల్టీగ్రెయిన్ బిస్కెట్లు చివరికి మైదా బిస్కెట్లేనని తేలడం, "చక్కెర కలపలేదు" అన్న జ్యూస్ తాగిన షుగర్ పేషెంటుకు రీడింగ్ ఎగబాకడం ఒకరిద్దరికే జరుగుతున్నవి కావు. చిక్కంతా ఎక్కడంటే, ఆ ప్యాకెట్ల మీద అబద్ధం రాసి ఉండదు. ప్రతి మాటా నిజమే. ఆ మాటలు చదివి మనం వేసుకునే అంచనాయే తప్పు. అందుకే తర్వాత ఫిర్యాదు చేసినా చాలాసార్లు నిలబడదు. కొనకముందే పట్టుకోవాలి.

ప్యాకెట్ ముందువైపు ఉన్నది ప్రకటన. గోధుమ కంకులు, ఆకుపచ్చ రంగు, "సహజం" అన్న మాట ఎన్నున్నా లోపల ఏముందో అవి చెప్పవు. చెప్పేవి వెనకవైపున్న పదార్థాల జాబితా, పోషక విలువల పట్టిక. జాబితాలో ఏది బరువులో ఎక్కువ పడితే దాన్ని ముందు రాయాలి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో ఉన్న ఈ నియమాన్నే చాలా దేశాలు పాటిస్తున్నాయి. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే ఆ సరుకు అసలు స్వరూపం దాదాపు తెలిసిపోతుంది.

మల్టీగ్రెయిన్ బిస్కెట్ ప్యాకెట్ వెనక సాధారణంగా కనిపించే తరహా జాబితా ఒకటి చూడండి: మైదా 52 శాతం, చక్కెర, పామాయిల్, గోధుమ తవుడు 4 శాతం, ఓట్స్ 2 శాతం, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, బార్లీ 1 శాతం, ఉప్పు, రంగు 150డి. ముందువైపు పెద్ద బొమ్మ వేసిన ఓట్స్ 100 గ్రాముల బిస్కెట్లలో 2 గ్రాములు, అంటే చిన్న చెంచాడు. ఒకటికి మించి ధాన్యాలు ఉన్నాయి కాబట్టి "మల్టీగ్రెయిన్" అన్న మాట తప్పు కాదు. ఎంతెంత ఉన్నాయన్నది ఆ మాట చెప్పదు. ఇక గోధుమరంగు చూసి ముడి గోధుమ అనుకోవద్దు. 150తో మొదలయ్యే నంబరు క్యారమెల్ రంగుది, బ్రెడ్డు విషయంలోనూ ఇదే జరుగుతుంది. ముడి ధాన్యం కావాలంటే జాబితాలో మొదటి పేరే "హోల్ వీట్" లేదా "హోల్ గ్రెయిన్" అయి ఉండాలి. ఉత్త "వీట్ ఫ్లోర్" అని ఉంటే చాలాచోట్ల అది మైదాయే.

అదే జాబితాలో చక్కెర మూడుసార్లు వచ్చింది, గమనించారా? చక్కెర, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్. మూడూ కలిపి ఒకే పేరుతో రాస్తే చక్కెర ఎంతన్నది వెంటనే కంటబడేది. విడగొట్టి రాస్తే ఒక్కొక్కటీ కిందికి జారిపోతుంది. డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్ సిరప్, కార్న్ సిరప్, తేనె, జ్యూస్ కాన్సెంట్రేట్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మాల్టోడెక్స్‌ట్రిన్ దగ్గర మరింత జాగ్రత్త పడాలి. అది పిండిపదార్థం కింద లెక్కకొస్తుంది కాబట్టి పట్టికలోని "షుగర్స్" వరుసలో కనిపించదు, కానీ రక్తంలో గ్లూకోజును గబగబా పెంచుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు ఆ ఒక్క వరుస చూసి ఊరుకోకుండా మొత్తం కార్బోహైడ్రేట్ అంకె కూడా చూడాలి.

తర్వాత పోషక పట్టిక. ఇక్కడ జరిగే మాయంతా "ఒక సర్వింగ్" అన్న గడిలో ఉంటుంది. పై బిస్కెట్లలో 100 గ్రాములకు చక్కెర 22 గ్రాములు, పీచు 4 గ్రాములు అనుకుందాం. కంపెనీ రెండు బిస్కెట్లను, అంటే 16 గ్రాములను, ఒక సర్వింగ్ అంటుంది. అప్పుడు చక్కెర 3.5 గ్రాములే కనిపిస్తుంది. టీతో పాటు ఆరు తింటే 10.5 గ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం ఫ్రీ షుగర్స్ (బయటి నుంచి కలిపిన చక్కెర, తేనె, సిరప్‌లు, పళ్ళరసాల్లోని చక్కెర) రోజువారీ శక్తిలో 10 శాతం లోపే ఉండాలి, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. పెద్దవాళ్ళకు ఆ 5 శాతం సుమారు 25 గ్రాములు. ఆరు బిస్కెట్లతో అందులో నలభై శాతం పైగా అయిపోయినట్టే. పీచు సంగతీ అంతే. 100 గ్రాములకు 3 గ్రాములుంటే "పీచు ఉంది" అని, 6 గ్రాములుంటే "పీచు పుష్కలం" అని చెప్పుకోవడానికి కోడెక్స్ ఒప్పుకుంటుంది. కానీ రెండు బిస్కెట్లలో మీకు దక్కేది 0.64 గ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది కనీసం 25 గ్రాములు. అందుకే రెండు బ్రాండ్లను పోల్చేటప్పుడు ఎప్పుడూ 100 గ్రాముల గడినే చూడండి. సర్వింగ్ కంపెనీకొకటి ఉంటుంది, 100 గ్రాములు అందరికీ ఒకటే.

ఉప్పును చాలా పట్టికల్లో సోడియంగా మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది: 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. "ఉప్పు తగ్గించాం" అంటే పోల్చి చూపిన సరుకు కంటే తగ్గించారనే, తక్కువ ఉందని కాదు. బాగా ఉప్పటి చిప్స్‌లో పాతిక శాతం తగ్గించినా అవి ఉప్పటివే.

జ్యూస్ దగ్గర ఎక్కువమంది దెబ్బ తింటున్నారు. "చక్కెర కలపలేదు" అంటే బయటి నుంచి చక్కెర వేయలేదని మాత్రమే. పండులోది పండులోనే ఉంది. ఒక 200 మిల్లీలీటర్ల నారింజ రసంలో దాదాపు 16 నుంచి 20 గ్రాముల చక్కెర సహజంగానే ఉంటుంది, పండు తింటే వచ్చే పీచు చాలా మటుకు పోయాక. ప్రపంచ ఆరోగ్య సంస్థ పళ్ళరసాన్నీ, తేనెనూ ఫ్రీ షుగర్స్ లోనే కలిపింది. "డ్రింక్" అని రాసి ఉంటే అందులో రసం ఎంత శాతమో చిన్న అక్షరాల్లో వెతకండి.

"కొలెస్ట్రాల్ లేదు" అని నూనె సీసా మీద చూసి అదనంగా డబ్బు పెట్టకండి, ఏ మొక్కల నూనెలోనూ అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. "లైట్" ఆలివ్ నూనెలో తేలికైనవి రంగూ రుచే, క్యాలరీలు ఏ నూనెలోనైనా గ్రాముకు 9. ట్రాన్స్‌ఫ్యాట్ గుండెకు చేటు చేసే కొవ్వు. "ట్రాన్స్‌ఫ్యాట్ సున్నా" అన్నా జాబితాలో "పార్షియల్లీ హైడ్రోజనేటెడ్" (ట్రాన్స్‌ఫ్యాట్ తెచ్చిపెట్టే, కొంత గట్టిపరిచిన నూనె) అన్న మాట కోసం చూడండి, ఎందుకంటే సర్వింగ్‌కు అర గ్రాము లోపుంటే సున్నా అని రాసుకోనిచ్చే దేశాలున్నాయి. షుగర్‌ఫ్రీ చాక్లెట్లలో చక్కెరకు బదులు వాడే మాల్టిటాల్ అనే తీపి పదార్థం ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి, పిల్లలకు ఇచ్చేముందు ఇది గుర్తుంచుకోండి.

డబ్బు పోయేది ఇంకోచోట. ప్యాకెట్ సైజు అదే, ధర అదే, లోపల 200 గ్రాములు 180 అవుతుంది. బరువు తగ్గింది 10 శాతమే అయినా గ్రాము ధర 11 శాతం పెరిగినట్టు. ధరను గ్రాములతో భాగించి వందతో గుణిస్తే 100 గ్రాముల ధర వస్తుంది, ఫోన్లో పది సెకన్ల పని. "20 శాతం అదనం" అన్నవాటికీ ఇదే లెక్క కట్టండి, పెద్ద ప్యాకే చవకన్న గ్యారంటీ లేదు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు రెండు ప్యాకెట్ల తేదీలూ చూడండి. ఆ తేదీలోపు రెండూ తినలేకపోతే, ఉచితంగా వచ్చింది చెత్తబుట్టలోకే పోతుంది. "యూజ్ బై" తేదీ భద్రతకు సంబంధించింది, దాటితే వాడకూడదు. "బెస్ట్ బిఫోర్" నాణ్యతకు సంబంధించింది, సరిగ్గా దాచిన పొడి సరుకు ఆ మర్నాడే పాడైపోదు. తేదీ చెరిపినట్టున్నా, దాని మీద ఇంకో స్టిక్కర్ అతికించి ఉన్నా అక్కడే వదిలేయండి.

ఆన్‌లైన్లో వెనకవైపు ఫొటో పెట్టని సరుకు కొనకపోవడమే మేలు. ఇప్పటికే కొని ఉంటే ప్యాకెట్ పారేయకండి. ముందువైపు, పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, తేదీ, బిల్లు విడివిడిగా ఫొటోలు తీయండి. ఫిర్యాదులో "మోసం" అని రాసే బదులు ముందు ఏం రాశారో, వెనక ఏముందో రెండు వాక్యాల్లో పక్కపక్కన పెట్టండి. ముందు దుకాణానికి, తయారీదారుకు పంపి, జవాబు రాకపోతే మీ దేశంలోని ఆహార భద్రతా విభాగానికి పంపండి. రివ్యూ రాస్తే వెనకవైపు ఫొటో తప్పక జతచేయండి, తర్వాత కొనేవాళ్ళకు స్టార్ల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.