మందుల షాపు బిల్లింగ్ మాడ్యూల్: అమ్మకం సూపర్, రిటర్న్ దగ్గరే తేడా

మా మెడికల్ షాపుల్లో వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి అమ్మకాలు, రిటర్న్‌లు కలిపి కొత్త మాడ్యూల్ చేసిచ్చారు. అన్ని కౌంటర్లలో పెట్టేముందు చూసి ఓకే చెప్పాల్సింది నేను. కంపెనీ పేరు చెప్పను, సరుకు ఇంకా బయటికి రాలేదు, సరిచేసుకోడానికి వాళ్ళకి టైముంది. ఇప్పుడున్నది ఉన్నట్టుగా అయితే మాత్రం నేను ఓకే చెప్పను.

ముందు బాగున్నవి చెప్తా. మందు పేరులో మూడక్షరాలు కొట్టేసరికి బ్యాచ్‌లన్నీ ఎక్స్‌పైరీ వరసలో వచ్చేస్తున్నాయి, ముందు డేట్ అయిపోయేది పైన. మౌస్ ముట్టుకోకుండా బిల్లు అయిపోతోంది, సాయంత్రం ఓపీ టైములో కౌంటర్ మీదికి జనం ఎలా ఎగబడతారో చూసినవాళ్ళకి ఇదెంత సుఖమో తెలుసు. స్ట్రిప్పు మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా అమ్మొచ్చు కదా, పాత వెర్షన్ ఒకటో తారీఖునే ఆపేసేది, ఇది సరిగ్గా లెక్కేస్తోంది. ఖమ్మం షాపుకి విజయవాడ ఏజెన్సీ (మాకు హోల్‌సేల్‌గా మందులిచ్చేవాళ్ళు) బిల్లు ఎక్కిస్తే జీఎస్టీ నంబర్ మొదట్లో ఆంధ్రా కోడ్ 37 చూసి తనే ఐజీఎస్టీ, అంటే వేరే రాష్ట్రం నుంచి కొంటే పడే పన్ను వేసుకుంది, హైదరాబాద్ బిల్లుకి తెలంగాణ కోడ్ 36 కాబట్టి కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ సగం సగం. ఇక్కడిదాకా పేరు పెట్టడానికి లేదు.

అసలు గొడవ ఎక్స్‌పైరీ రిటర్న్ దగ్గర. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. అంతకుముందు 12 శాతం కట్టి కొన్న సరుకు ఇప్పుడు డేట్ అయిపోయి ఏజెన్సీకి వెనక్కి వెళ్తోంది. క్రెడిట్ నోట్ (వెనక్కిచ్చిన సరుకు డబ్బు మన ఖాతాలో జమ చేసినట్టు ఏజెన్సీ ఇచ్చే కాగితం) మీద పంపితే కొన్నప్పటి బిల్లులో ఏ రేటుందో అదే పడాలి. నేను ఆగస్టు 2025 నాటి బిల్లు ఒకటి తీసి, స్ట్రిప్పు 80 రూపాయల చొప్పున వంద స్ట్రిప్పులు రిటర్న్ కొట్టా. కొన్నప్పుడు కట్టింది 8,960. మాడ్యూల్ చూపించింది 8,400. ఒక్క ఐటమ్ మీద 560 రూపాయలు గాల్లో కలిసిపోయాయి, పైగా మన లెక్క ఒకటి, ఏజెన్సీ క్రెడిట్ నోట్ ఇంకొకటి. అడిగితే "ట్యాక్స్ ఐటమ్ మాస్టర్ నుంచి వస్తుంది సార్" అన్నాడు కంపెనీ అబ్బాయి. మాస్టర్ అంటే మందుల వివరాలన్నీ ఉండే లిస్టు, అందులో ఉన్నది ఇవాళ్టి రేటు! ఎమ్మార్పీని మాత్రం బ్యాచ్‌తో పాటే దాస్తున్నారు, ఆ పక్కనే కొన్నప్పటి ట్యాక్స్ రేటు కూడా పెడితే పోయేది. వాళ్ళ టెస్టింగ్ డేటా మొత్తం 5 శాతంతోనే ఎక్కించారు, ఇక ఎవరికి కనపడుతుంది?

రెండోది చూడ్డానికి చిన్నది, కానీ ఇన్‌స్పెక్షన్‌లో దొరికితే టెన్షన్. లూజ్ అమ్మకం, అంటే స్ట్రిప్పు కత్తిరించి విడి మాత్రలు ఇవ్వడం. 15 మాత్రల స్ట్రిప్పు ఎమ్మార్పీ 112 అనుకోండి. మాడ్యూల్ ముందు ఒక్క మాత్ర ధర 7.47కి రౌండ్ చేసేసి, తర్వాత మాత్రల సంఖ్యతో గుణిస్తోంది. లూజ్‌లో పదిహేనూ కొడితే బిల్లు 112.05. అయిదు పైసలే కదా అంటారు, ఎమ్మార్పీ దాటితే దాటినట్టే. ముందు గుణించి, చివర్లో కిందికి రౌండ్ చేయాలి, ఇది కోడ్‌లో ఒక లైను మార్పు అనుకుంటా.

ఇక హెచ్1 రిజిస్టర్, అంటే షెడ్యూల్ హెచ్1లో ఉన్న మందులు ఎవరికి అమ్మామో రాసే పుస్తకం. సెఫిక్సిమ్ లాంటివి కొడితే డాక్టర్ పేరు, అడ్రస్, పేషెంట్ పేరు నింపందే బిల్లు కదలదు, మంచిదే. కానీ ఆ గడిలో చుక్క పెట్టి ఎంటర్ కొట్టినా ఒప్పుకుంటోంది! మూడేళ్ళు దాచి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించాల్సిన రిజిస్టర్ అది, చుక్కల ముగ్గులా ఉంటే ఏం చూపిస్తాం? రద్దీలో కౌంటర్ అబ్బాయిలు చుక్కలే పెడతారు, వాళ్ళని అని లాభం లేదు. ఆ డాక్టర్ ముందే లిస్టులో ఉంటే ఎంచుకునేలా ఇస్తే చుక్క పెట్టే అవసరమే రాదు.

నెట్ తీసేసి రెండు కౌంటర్లలో ఒకేసారి బిల్లులు కొట్టి చూశా, ఒకే బిల్లు నంబర్ రెండుసార్లు రాలేదు, కౌంటర్ కోడ్ ముందు పెట్టారు, అయినా జీఎస్టీ బిల్లు నంబర్‌కి ఉన్న 16 అక్షరాల హద్దు దాటలేదు. తెలుగు ప్రింట్‌లో ఒత్తులు కొన్ని పక్కకి జరుగుతున్నాయి, దానికోసం ఆపను.

మార్కులంటే అయిదుకి మూడు. రిటర్న్ సరిచేశాక వాళ్ళ డెమో డేటా వద్దు, సెప్టెంబర్ ముందువి మా పాత కొనుగోలు బిల్లులే ఎక్కించి మళ్ళీ చూస్తానని చెప్పేశా. కౌంటర్ వాళ్ళు ఆ స్పీడ్ చూసి ఎప్పుడిస్తారని వెంటపడుతున్నారు కాబట్టి ఇంకో దారి కూడా చెప్పా: లూజ్ లెక్క, హెచ్1 గడి ఈలోపు సరిచేస్తే రిటర్న్ బటన్ దాచేసి అమ్మకాల భాగం వరకు వదలొచ్చు, రిటర్న్‌లు పాత వెర్షన్‌లోనే కొట్టుకుంటారు. రెండింటి స్టాక్ ఒకే చోట తగ్గుతుందో లేదో వాళ్ళు ఇంకా చెప్పలేదు.