కుంకుడు రసమా, బత్తాయి తొక్కల ద్రావణమా: మన నీళ్ళకు, మన బండలకు ఏది మేలు?

ఇల్లు కడిగే ద్రవాలను ఇంట్లోనే తయారుచేసుకోవాలనుకునే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలవారు ధర కంటే ముందు రెండింటిని చూసుకోవాలి: ఒకటి ఇంట్లో వాడే నీరు, రెండోది నేలకు పరిచిన బండ. తాగడానికి మిషన్ భగీరథ నీరు వస్తున్నా, గిన్నెలు తోమడానికి, బట్టలు ఉతకడానికి చాలా ఇళ్ళలో ఇప్పటికీ బోరు నీళ్ళే దిక్కు. ఆ నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది, కుళాయి మూతి చుట్టూ సున్నం పేరుకుంటుంది. (నల్లగొండ పేరు వినగానే గుర్తుకు వచ్చే ఫ్లోరైడ్ సమస్య వేరు, నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉండే ఈ కాఠిన్యం వేరు.)

కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు మామూలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి కాబట్టి, సబ్బు బిళ్ళను కోరి, కరగబెట్టి ద్రవం చేసుకునే పద్ధతి మన దగ్గర సగం సబ్బును నీళ్ళపాలు చేయడమే అవుతుంది. కుంకుడుకాయకు ఈ ఇబ్బంది లేదు. దాని గుజ్జులోని సపోనిన్లు నురుగునిస్తాయి, జిడ్డును పట్టి లాగుతాయి, సున్నపు నీటిలోనూ తెట్టు కట్టవు. గింజలు తీసిన 50 గ్రాముల కుంకుడుకాయలను లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం పావుగంట మరిగించి, చల్లారాక పిసికి వడకడితే గిన్నెలకు, నేలకు పనికివచ్చే రసం సిద్ధమవుతుంది. అయితే ఇది ఎక్కువ రోజులు ఆగదు. బయట ఉంచితే రెండు మూడు రోజులకే పులిసి వాసన వస్తుంది, కాబట్టి కొద్దికొద్దిగా చేసుకోవాలి, లేదా ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి. నురుగు కూడా కొన్న ద్రవమంత రాదు. నురుగు తగ్గినంత మాత్రాన జిడ్డు వదలడం లేదని అనుకోనక్కర్లేదు.

బత్తాయి, నిమ్మ తోటలున్న నల్లగొండ జిల్లాలో తొక్కలకు కొదవ లేదు. నకిరేకల్‌లో నిమ్మకు ప్రత్యేకంగా మార్కెట్టే ఉంది. ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీరు ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూడు నెలలు పులియబెట్టే ద్రావణాన్ని అందుకే చాలామంది ఇష్టపడుతున్నారు. మొదటి నెలలో గ్యాసు పుడుతుంది కాబట్టి రోజూ మూత వదులు చేయాలి, గాజు సీసా వాడకూడదు. ఖర్చు చూస్తే దాదాపు బెల్లం ధరే. నాకు దీని మీద గౌరవం ఉంది, కానీ నేలకు మాత్రం వద్దంటాను. ఇది ఆమ్లం. మన ఇళ్ళలో పరిచే షాబాదు, తాండూరు బండలు, వంటింటి గట్టుకు వేసే నల్లని కడప బండ, అన్నీ సున్నపురాయే. ఆమ్లం తగిలితే ఆ రాయి కొద్దికొద్దిగా కరుగుతుంది. మా వంటగట్టును నేను వారం రోజులు ఈ ద్రావణంతో తుడిచాక నలుపు పోయి బూడిద రంగు మరకలు తేలాయి, నూనె రాసినా అవి పూర్తిగా పోలేదు. మీ బండ ఏదో తెలియకపోతే కనిపించని మూలన ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి. సన్నని బుడగలు వస్తే అది సున్నపురాయి, రాకపోతే గ్రానైట్ కావచ్చు.

రాయిని కరిగించే ఆ గుణమే కుళాయిల మీద, స్నానాల గదిలోని పింగాణి పలకల మీద పేరుకున్న సున్నానికి మందు. అక్కడ బత్తాయి ద్రావణం గాని, నిమ్మరసం గాని పూసి పావుగంట ఆగి రుద్ది కడిగితే, ఘాటైన యాసిడ్‌తో కళ్ళు మండించుకునే అవసరం చాలావరకు తప్పుతుంది. ఇత్తడి బిందెలకు చింతపండు, ఉప్పు ఎప్పటి నుంచో ఉన్నవే, వాటికి మించినది నాకు కనబడలేదు.

వెనిగర్‌లో వంటసోడా కలిపి సీసాలో నింపుకునే చిట్కా మాత్రం డబ్బు దండుగ. పొంగు చూడడానికి బాగుంటుంది గాని, ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకొని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీరే. వేర్వేరుగా వాడితే రెండూ పనిచేస్తాయి. బట్టలకైతే వంటసోడా కంటే బట్టల సోడా మేలు. బకెట్ బోరు నీటిలో ఒక చెంచా వేసి కాసేపు ఆగితే సున్నం విరిగి అడుగుకు చేరుతుంది, ఆ తర్వాత సబ్బు తక్కువ పడుతుంది. దీన్ని అల్యూమినియం గిన్నెలకు, పట్టుచీరలకు తగలనివ్వకూడదు, చేతులకు తొడుగులు ఉండాలి.

ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు కుంకుడు రసాన్నీ, బత్తాయి ద్రావణాన్నీ నమ్ముకోకూడదు. అవి మురికిని తీస్తాయి గాని క్రిములను చంపడానికి సరిపోవు. అప్పుడు బ్లీచింగ్ పౌడర్ నీళ్ళే వాడాలి. అది చల్లిన చోట నిమ్మరసం, వెనిగర్, తొక్కల ద్రావణం, యాసిడ్ ఏదీ పడకూడదు. పడితే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అందువల్ల బ్లీచింగ్ డబ్బాను, ఈ సీసాలను ఒకే అరలో పెట్టవద్దు, పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పోసిన ద్రావణాల మీద పేరు రాసి పిల్లలకు అందనంత ఎత్తున ఉంచండి.