అరబిక్ వైద్య రాతప్రతుల సైట్: బొమ్మలు తక్కువ, సరుకు ఎక్కువ

పాత అరబిక్ వైద్య గ్రంథాల గురించి నెట్‌లో వెతికితే సగానికి సగం "వెయ్యేళ్ల కిందటే అన్నీ కనిపెట్టేశారు" బాపతు పోస్టులే తగులుతాయి. వాటికి తగిలించిన బొమ్మ ఏ పుస్తకంలోదో, ఎప్పటిదో పెట్టినవాళ్లకే తెలియదు. ఆ గోల పడలేనివాళ్లు అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ల ఇస్లామిక్ మెడికల్ మాన్యుస్క్రిప్ట్స్ సైట్ చూడండి. పూర్తిగా ఫ్రీ. నేనైతే ఐదుకి నాలుగిస్తాను.

మేరీల్యాండ్ రాష్ట్రం బెథెస్డాలో ఉన్న ఈ లైబ్రరీ దగ్గర అరబిక్, పారశీక ప్రతులు మూడొందలకు పైనే ఉన్నాయి, చాలావరకు 1941లో ఎ. ఎస్. యహూదా అనే పండితుడి దగ్గర కొన్నవి. కేటలాగ్ తయారుచేసింది ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన ఎమిలీ సావేజ్ స్మిత్. సైట్‌కి ప్రాణం ఈవిడ రాతే. కాగితం ఏ రంగు, సిరా ఎలాంటిది, పురుగులు ఎక్కడ తిన్నాయి, తడి మరకలు ఎక్కడున్నాయి, ఇవన్నీ ఒక్కో ప్రతికీ ఓపిగ్గా రాసిపెట్టారు. గొప్పలు చెప్పుకోవడం ఎక్కడా లేదు.

ముందుగా అల్ రాజీ 'కితాబ్ అల్ హావీ' ప్రతి దగ్గరికి వెళ్లండి. అక్కడున్నవాటిలో అన్నిటికన్నా పాతది ఇదే, 1094 నవంబర్ 30న రాయడం పూర్తయిందని చివరి పేజీని బట్టి తెలుస్తోంది. ఈ నకలు రాసినతను పేరు చెప్పుకోలేదు, బహుశా బాగ్దాద్‌వాడు. ఉన్న భాగం కడుపు, పేగుల జబ్బుల గురించి. అల్ రాజీ అంటే మశూచికం వేరు, తట్టు వేరు అని విడదీసి రాసిన వైద్యుడే, 925 ప్రాంతంలో పోయాడు. హావీ నిజానికి ఆయన సొంత నోట్సు, పోయాక శిష్యులు కూర్చారు. ఒక్కో జబ్బుకీ గ్రీకులు ఏమన్నారు, సిరియావాళ్లు ఏమన్నారు, మన చరకుడు, సుశ్రుతుడు ఏమన్నారు అని వరసగా ఎత్తిరాసుకుని, చివర్లో ఇది నా మాట అని గుర్తు పెట్టి తన అనుభవం రాసుకునేవాడు. పాత గ్రీకు వైద్యుడు గాలెన్ అంతటివాడు చెప్పినా తన రోగి దగ్గర కుదరకపోతే కుదరలేదనే రాశాడు. నాకు ఆయన నచ్చింది అక్కడే.

బొమ్మలు కావాలంటే 1488లో ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో రాసిన పారశీక ప్రతి చూడండి, మన్సూర్ ఇబ్న్ ఇల్యాస్ శరీర శాస్త్రం. అందులో అస్థిపంజరాన్ని వెనక నుంచి గీశారు, తల మాత్రం పూర్తిగా వెనక్కి వాల్చేసి, నోరు పేజీ పైభాగానికి వచ్చేలా. మొదటిసారి చూస్తే బొమ్మ తిరగబడిందేమో అనిపిస్తుంది. ఎముకల పేర్లు బొమ్మ మీదే రాసేశారు.

ఇక ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, సైట్ వేషం మరీ పాతకాలంది, ఫోన్‌లో చదవాలంటే కళ్లు లాగుతాయి, కేటలాగ్‌లో చాలా ప్రతులకు మచ్చుకి ఒకటో రెండో పేజీల ఫోటోలే కనిపిస్తాయి. మొత్తం ఇంగ్లీషే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన అరబిక్ పేర్ల మీద చుక్కలు, గీతలు చూసి టెన్షన్ పడకండి, వైద్యుల జీవిత విశేషాలు, పదాల అర్థాలు విడిగా ఇచ్చారు, ఆ పేజీని పక్క ట్యాబ్‌లో తెరిచి పెట్టుకుంటే పనైపోతుంది.

హావీ అరబిక్ మూలం చదవగలిగినవాళ్లకి మాత్రం మన హైదరాబాదే దిక్కు! 1888లో నిజాం ఏలుబడిలో మొదలై ఇప్పుడు ఉస్మానియా క్యాంపస్‌లో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1955 నుంచి దాన్ని 23 భాగాలుగా అచ్చేసింది. ఈ విషయం మన ఊళ్లోనే చాలామందికి తెలియదు, యూనివర్సిటీ మెట్లెక్కి దిగినవాళ్లతో సహా.

ఒక పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా తిప్పి చూడాలనే సరదా ఉంటే ఖతార్ డిజిటల్ లైబ్రరీకి వెళ్లండి, 2014లో మొదలైంది. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని అరబిక్ శాస్త్ర గ్రంథాలు పేజీ పేజీ జూమ్ చేసి చూడొచ్చు, అదీ ఫ్రీయే. కాకపోతే గల్ఫ్ దేశాల పాత బ్రిటిష్ ఫైళ్లు కూడా అందులోనే కుప్పగా ఉంటాయి, రాతప్రతులు మాత్రమే అని ఫిల్టర్ పెట్టుకుని వెతకండి.