లేజర్ ఫైబర్ మీథేన్ సెన్సార్: వాడి చూశాక

మీథేన్ బలంగా పీల్చుకునే 1653.7 నానోమీటర్ల దగ్గర డయోడ్ లేజర్ తరంగదైర్ఘ్యాన్ని అటూ ఇటూ జరుపుతూ, ఆ కాంతిని ఫైబర్ (సన్నని గాజు పోగు) ద్వారా దూరాన ఉన్న చిన్న గ్యాస్ గదికి పంపి, తిరిగి వచ్చేసరికి అది ఎంత తగ్గిందో చూసి వాయువు మోతాదును లెక్కగట్టే పరికరమిది. కొలిచే చోట విద్యుత్తు లేదు కాబట్టి నిప్పురవ్వ భయం లేదు. వాయువును మండించి కొలిచే ఉత్ప్రేరక సెన్సార్లలా కాకుండా, దీనికి ఆక్సిజన్ అవసరం లేదు, సిలికోన్ ఆవిరికి మొద్దుబారదు. చిక్కల్లా ఫైబర్‌ను జతచేసే కనెక్టర్ దగ్గరే వచ్చింది. దాని ముఖంపై కంటికి ఆనని ధూళి చేరగానే పరావర్తనాలు ఒకదానితో ఒకటి కలిసి, వాయువు లేకున్నా తెరపై అలలు లేచాయి. అవి ఉష్ణోగ్రతతోపాటు మెల్లగా జరుగుతూ అసలు సంకేతమేనన్న భ్రమ కలిగించాయి. సూచనల పుస్తకం ఈ ఊసే ఎత్తలేదు. తుడిచే గుడ్డ కూడా ఇవ్వకపోవడం పిసినారితనమే. ఎసిటిలీన్‌ను కొలవాలంటే 1530 నానోమీటర్ల చెంత పనిచేసే మరో లేజర్ కొనాలి.