రోకూనా, ఫైర్ స్టిక్కా, గూగుల్ టీవీనా: బయటి యాప్‌లకి ఏది మేలు?

యాప్ స్టోర్‌లో దొరకని యాప్‌లు టీవీలో పెట్టుకోవాలంటే, టీవీకి తగిలించే స్ట్రీమింగ్ డబ్బాల్లో ఏది కొనాలని డాలస్‌లో ఉండే ఫ్రెండ్ అడిగాడు. అయిదేళ్ల కిందట అడిగుంటే, ఏది కొన్నా ఏదో ఒక దారి ఉందిలే అనేవాణ్ణి.

వాడింట్లో ఉన్నది రోకూ. అందులో యాప్‌లనే ఛానెళ్లనేవాళ్లు, ఒకప్పుడు ప్రైవేట్ ఛానెళ్లని ఉండేవి. రోకూ సైట్‌లో లాగిన్ అయి ఒక కోడ్ కొడితే, స్టోర్‌లో కనపడని ఛానెల్ టీవీలోకి వచ్చేసేది. సరదాకి సొంతంగా ఛానెల్ రాసుకున్నవాళ్లూ, దొంగ సినిమాలు చూపించేవాళ్లూ ఆ సందులోంచే వచ్చారు. 2022 ఫిబ్రవరి 23న ఆ సందు మూసేశారు. బదులుగా, పరీక్షించుకోవడానికని బీటా ఛానెల్ అన్నారు. అది 20 మందికి మించి ఇవ్వడానికి లేదు, 120 రోజులకి దానంతటదే పోతుంది. నాలుగు నెలలకోసారి అత్తగారికి ఫోన్ చేసి మళ్లీ మొదట్నుంచి చెప్పే ఓపిక ఎవరికుంది?

యాప్‌లు రాసేవాళ్ల కోసం పెట్టిన డెవలపర్ మోడ్ ఇంకా ఉంది. రిమోట్‌లో హోమ్ మూడుసార్లు, పై బాణం రెండుసార్లు, ఆ తర్వాత కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి నొక్కాలి. నాకు మూడోసారికి గానీ కుదరలేదు. తీరా తెరిచాక, అలా ఎక్కించే యాప్ ఒకసారికి ఒక్కటే ఉంటుంది. పైగా రోకూ యాప్‌లకి బ్రైట్‌స్క్రిప్ట్ అనే సొంత భాష ఉంది కాబట్టి ఆండ్రాయిడ్ ఏపీకేలు (యాప్‌ని ఎక్కించే ఫైళ్లు) అక్కడ నడవవు. వీడియోలు ఆడించే కోడీ లాంటి ఆండ్రాయిడ్ యాప్ కావాలంటే రోకూ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఫైర్ స్టిక్ సంగతి వేరు. అమెజాన్ వాళ్ల ఈ స్టిక్‌ని నడిపించే ఫైర్ ఓఎస్ ఆండ్రాయిడ్ మీద కట్టిందే. సెట్టింగ్స్‌లో అబౌట్‌కి వెళ్లి స్టిక్ పేరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, ఆ తర్వాత ఏపీకే ఎక్కించుకోవచ్చు. ‘జైల్‌బ్రేక్ చేసిన స్టిక్’ (అంటే తాళాలు విప్పేసిన స్టిక్) అని అమ్మేవాళ్లు చేసేది చాలావరకు ఇంతే, దానికి వంద డాలర్లు పోయకండి.

అయితే 2025 చివర్లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో ఉన్నది ఆండ్రాయిడ్ కాదు, అమెజాన్ సొంతంగా చేసుకున్న వేగా ఓఎస్. అందులో ఏపీకేలు ఎక్కవు, అమెజాన్ స్టోర్‌లో ఉన్నవే దిక్కు. పాత స్టిక్కుల్లో కూడా పైరసీ యాప్‌లని, బయటినుంచి తెచ్చి పెట్టినవైనా సరే, ఆపేస్తామని అమెజాన్ చెప్పింది. పెట్టె మీద పేర్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి కొనేముందు ఫైర్ ఓఎస్సా, వేగానా అని వివరాల్లో చూసుకోండి.

మిగిలింది గూగుల్ టీవీ. 2023లో వాల్‌మార్ట్ గూగుల్ టీవీతో నడిచే తన ‘ఆన్’ బ్రాండ్ 4కే డబ్బాని ఇరవై డాలర్లకే తెచ్చింది. కోడీ, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్లు రెండూ ప్లే స్టోర్‌లోనే ఉంటాయి, సగం అవసరం అక్కడే తీరిపోతుంది. ఇక్కడా గేటు కొంచెం దగ్గరకి వేస్తున్నారు. ఏపీకే రాసేవాళ్లు తామెవరో నమోదు చేసుకోవాలన్న రూలు 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలుపెడతామని గూగుల్ ప్రకటించింది. అయినా, కెలుక్కునే అలవాటున్నవాళ్లకి ఈ మూడింట్లో నా ఓటు దీనికే. హోమ్ పేజీ నిండా సినిమా పోస్టర్లు చూసి కంగారుపడే పెద్దవాళ్లుంటే మాత్రం వాళ్ల గదిలో రోకూనే ఉంచండి.

ఇదంతా చెప్పాక, ఇంతకీ నీకు కావాల్సిన యాప్ ఏంట్రా అనడిగాను. పెళ్లి వీడియో టీవీలో చూడాలట! హార్డ్ డిస్క్‌లో ఉంది, అమ్మానాన్న వస్తున్నారు. దానికి కొత్త డబ్బా ఎందుకు? మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌లో, మన వీడియోల్ని ఇంట్లోని టీవీకి పంపించే జెల్లీఫిన్ సర్వర్ పెట్టించి, రోకూ స్టోర్‌లోనే ఉన్న జెల్లీఫిన్ యాప్ వేయించాను. తలంబ్రాల దగ్గర కరెంటు పోయిన సీనుతో సహా వచ్చింది.