విశాఖలో రెండు సర్వర్ల ఎన్ఎఫ్ఎస్ క్లస్టర్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మధురవాడలోని మా ఇంజినీరింగ్ ఆఫీసులో స్ట్రక్చరల్ అనాలిసిస్ చేసే వర్క్‌స్టేషన్లన్నీ లినక్స్ మీదే నడుస్తాయి. అందరి ఫైళ్లూ ఒకే ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచే పద్ధతి) సర్వర్ మీద ఉంటాయి. అది ఆగిందంటే ఆఫీసంతా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. రాత్రంతా నడిచిన లెక్క తెల్లారుజామున ఫలితం రాసుకోబోతూ ఆగిపోతే ఆ రాత్రి పని మొత్తం వృథా. అందుకని పేస్‌మేకర్ (ఏ సేవ ఏ సర్వర్ మీద నడవాలో చూసేది), కోరోసింక్ (సర్వర్ల మధ్య మాటలు నడిపేది), డీఆర్‌బీడీ (డిస్కుకి నకలు ఉంచేది) కలిపి రెండు సర్వర్లతో క్లస్టర్ కట్టాం: ఒకటి ఫైళ్లు ఇస్తుంటే రెండోది సిద్ధంగా ఉండి, మొదటిది పడితే ఆ పని అందుకుంటుంది. అప్పట్నుంచీ దాని బాగోగులు నావే. నా మాట ముందే చెప్పేస్తాను: ఇది నమ్మదగ్గ ఏర్పాటు, కానీ ఫెన్సింగ్ (మాట తెగిన అవతలి సర్వర్‌ని బలవంతంగా ఆపేయడం) లేకుండా మాత్రం కట్టకండి. ఫెన్సింగ్‌కి బడ్జెట్ లేదంటే ఒక్క సర్వర్, దానికో మంచి బ్యాకప్ ఉంచుకోవడమే క్షేమం.

ముందుగా డీఆర్‌బీడీ సంగతి. ఇది ఒక సర్వర్‌లో రాసిన ప్రతి బ్లాకునూ నెట్‌వర్క్ మీదుగా రెండో సర్వర్ డిస్కులోనూ రాస్తుంది. వియన్నాలోని లిన్‌బిట్ వాళ్లు తయారుచేశారు. 2010లో వచ్చిన 2.6.33 వెర్షన్ నుంచీ లినక్స్ కర్నల్‌లో, అంటే దాని మూల ప్రోగ్రామ్‌లో, భాగమే, అయితే ఏళ్లుగా కర్నల్‌తో పాటు వస్తున్నది 8.4 తరం. మేం వాడే 9వ తరానికి మాడ్యూల్ (కర్నల్‌కి తగిలించే ముక్క) విడిగా వేసుకోవాలి. కాబట్టి కర్నల్ అప్‌డేట్ చేసేముందు దానికి సరిపడే మాడ్యూల్ వచ్చిందో లేదో చూసుకోవడం ఇక్కడ తప్పనిసరి పని.

మేం ప్రోటోకాల్ సీ వాడతాం. అంటే రెండు డిస్కుల్లోనూ రాసినట్టు తేలాకే 'రాశాను' అని జవాబు వస్తుంది. ఆ భరోసాకి వేగంలో కొంత మూల్యం చెల్లించాలి. పెద్ద ఫలితాల ఫైళ్లకు తేడా పెద్దగా తెలియదు. వేల కొద్దీ చిన్న ఫైళ్లున్న ఆర్కైవ్ విప్పితే మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే రెండు సర్వర్ల మధ్య స్విచ్ లేకుండా నేరుగా 10 గిగాబిట్ కేబుల్ వేశాం.

వేగం కోసం ఎక్స్‌పోర్ట్‌లో (క్లయింట్లకు, అంటే వర్క్‌స్టేషన్లకు, పంచే ఫోల్డర్ సెట్టింగుల్లో) 'అసింక్' పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. దయచేసి పెట్టకండి. అసింక్‌లో సర్వర్ డేటా ఇంకా డిస్కుకి చేరకుండానే చేరిందని క్లయింట్‌కి చెప్పేస్తుంది. సరిగ్గా అప్పుడే ఆ సర్వర్ పడిపోతే రెండో సర్వర్‌కి ఆ డేటా ఎప్పటికీ రాదు, క్లయింట్ మళ్లీ పంపదు కూడా. రెండు సర్వర్లు కొన్న ప్రయోజనం అక్కడే పోతుంది. క్లయింట్ల వైపు 'సాఫ్ట్' మౌంట్ (సర్వర్ ఫోల్డర్‌ని తగిలించుకునే ఒక తీరు) సంగతీ అంతే. సర్వర్ మారే కాసేపట్లో అది ప్రోగ్రామ్‌కి ఎర్రర్ ఇచ్చి లెక్కను చంపేస్తుంది. హార్డ్ మౌంట్ అయితే ఓపిగ్గా వేచి ఉండి, సర్వర్ తిరిగి పలకగానే ఆగినచోటి నుంచి సాగుతుంది.

ఇక అసలు విషయం ఫెన్సింగ్. రెండు సర్వర్ల మధ్య మాట తెగితే, అవతలిది చచ్చిందో, కేబుల్ మాత్రమే ఊడిందో ఇవతలి దానికి తెలిసే దారి లేదు. రెండూ 'నేనే ప్రధానం' అనుకుని రాయడం మొదలుపెడితే అదే స్ప్లిట్ బ్రెయిన్: ఒకే ఊరికి ఇద్దరు కరణాలు చెరో చిట్టా రాసినట్టు, తర్వాత ఏది సరైన లెక్కో తేల్చలేం. ఎవరో ఒకరి మార్పులు పారేయక తప్పదు. అందుకే రిసోర్సులు (డిస్కు, ఫైల్ సర్వీసు, ఐపీ లాంటివి) తీసుకునేముందు అవతలి సర్వర్ కరెంటు తీసేసి, అది నిజంగా ఆగిందని రూఢి చేసుకోవడమే ఫెన్సింగ్. కనీసం ఐపీఎంఐ (సర్వర్‌ని దూరం నుంచే ఆన్, ఆఫ్ చేయనిచ్చే, దానిలోనే ఉండే చిప్) ద్వారా చేయాలి.

ఐపీఎంఐ ఒక్కటే చాలదని వాడకంలోకి తేకముందు చేసిన పరీక్షల్లోనే తేలింది. ఒక సర్వర్ పవర్ కేబుళ్లు రెండూ పీకి చూశాం. ఐపీఎంఐ చిప్‌కి కరెంటు వచ్చేది ఆ సర్వర్ నుంచే కనుక అదీ మూగబోయింది. రెండో సర్వర్ ఫెన్సింగ్ కోసం అడుగుతూనే ఉంది, జవాబు లేదు. జవాబు లేనంతవరకూ ఫైళ్లు ఇవ్వనని భీష్మించింది. అది చేసింది న్యాయమే. ఆ పరీక్ష చూశాక దూరం నుంచే ఆపగలిగే పీడీయూలు (సర్వర్లకు కరెంటు పంచే ప్లగ్గుల పట్టీలు) కొని రెండో అంచెగా పెట్టాం: ముందు ఐపీఎంఐతో ప్రయత్నం, కుదరకపోతే పీడీయూతో ప్లగ్గులు ఆపడం. వేసవిలో యూపీఎస్‌లు మొరాయించే ఊళ్లో ఈ రెండో అంచెను విలాసం అనుకోకండి. ఇంకొక చిన్న సెట్టింగ్: ఒక సర్వర్ ఫెన్సింగ్‌కి కొన్ని సెకన్ల ఆలస్యం ఇవ్వండి. లేకపోతే కేబుల్ ఊడినప్పుడు రెండూ ఒకదాన్నొకటి ఒకేసారి ఆపేసుకుంటాయి.

మా సర్వర్ గది సముద్రం వైపు ఉంది. ఉప్పుగాలికి నెట్‌వర్క్ పోర్టుల లోపలి కాంటాక్టులు పాడై లింకు పడుతూ లేస్తూ ఉండటం మామూలే. కోరోసింక్‌కి రెండు దారులు, ఒకటి నేరు కేబుల్, రెండోది స్విచ్ మీదుగా, ఇచ్చాక ఆ కారణంగా అనవసరపు ఫెయిలోవర్లు (పని రెండో సర్వర్‌కి మారడాలు) రాలేదు.

రిసోర్సుల వరుస కూడా ముఖ్యమే. డీఆర్‌బీడీ ప్రైమరీ (రాయడానికి వీలున్న వైపు) కావాలి, ఆపై ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ మౌంట్, తర్వాత ఎన్ఎఫ్ఎస్ సర్వర్, ఎక్స్‌పోర్ట్‌లు, అన్నిటికంటే చివర్న వర్చువల్ ఐపీ (ఏ సర్వర్ పనిచేస్తుంటే దానికి మారే నెట్‌వర్క్ చిరునామా). ఐపీ ముందే లేస్తే ఎక్స్‌పోర్ట్ లేని సర్వర్‌ని క్లయింట్లు తలుపు తట్టి 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' ఎర్రర్ తెచ్చుకుంటాయి. ఎఫ్ఎస్ఐడీ (ఎక్స్‌పోర్ట్‌ని గుర్తించే నంబర్) రెండు సర్వర్లలోనూ ఒకటే ఉండాలి. లాకుల (ఎవరు ఏ ఫైలు పట్టుకున్నారన్న) వివరాలుండే /var/lib/nfs డైరెక్టరీని కూడా డీఆర్‌బీడీ డిస్కు మీదే ఉంచాలి.

సర్వర్ మారాక కూడా ఫైలు తెరుచుకోవడం లేదని మొదట్లో ఫోన్లు వచ్చేవి. అది ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్‌లోని గ్రేస్ పీరియడ్: పాత లాకులున్న క్లయింట్లు వాటిని తిరిగి అడిగి తీసుకునేదాకా కొత్తవాళ్లను ఆపుతుంది. డిఫాల్ట్ 90 సెకన్లు. 4.1 ఆపైన వాడితే, తనకు తెలిసిన క్లయింట్లన్నీ తమ పని ముగిసిందని చెప్పగానే సర్వర్ దాన్ని ముందే ముగించగలదు. అందుకే క్లయింట్లన్నింటినీ 4.2కి మార్చాం.

మాకు ఎక్కువగా పనికొచ్చింది సర్వర్ చచ్చినప్పుడు కాదు, సెక్యూరిటీ అప్‌డేట్ల రోజున. ఇదివరకు ఆదివారం రాత్రి ఆఫీసుకొచ్చి చేసే పని ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నం చేస్తున్నాను. ఖాళీగా ఉన్న సర్వర్‌ని స్టాండ్‌బైలో పెట్టి అప్‌డేట్ చేసి, రీబూట్ చేసి, డీఆర్‌బీడీ సింక్ అయ్యేదాకా ఆగుతాను. మారిన బ్లాకులే పంపుతుంది కనుక పెద్దగా సమయం పట్టదు. తర్వాత భారాన్ని ఇటు మార్చి రెండోది చేస్తాను. పక్క సీట్లో లెక్క నడుస్తూనే ఉంటుంది.

"రెండో మెషిన్ ఊరికే కూర్చుంది కదండీ, దానితోనూ పని చేయించొచ్చుగా?" అని మా మేనేజర్ గారు అడుగుతుంటారు. రెండు ఎక్స్‌పోర్ట్‌లు చేసి చెరొకటి నడపొచ్చు. కానీ ఏదైనా ఒక్కటే మిగిలినప్పుడు మొత్తం భారం మోయగలగాలి కదా. ఆ ఖాళీకే మనం డబ్బు పెట్టాం.

కొందరు గ్లస్టర్, సెఫ్ (డేటాను చాలా సర్వర్ల మీద పరిచే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్లు) అంటారు. రెడ్ హ్యాట్ గ్లస్టర్ స్టోరేజ్‌కి 2024 చివర్న మద్దతు ముగిసింది. సెఫ్ గొప్పదే, కానీ సరిగా నడవాలంటే కనీసం మూడు సర్వర్లు, దాన్ని చూసుకునే మనిషి కావాలి. మా సైజు ఆఫీసుకి అంత అక్కర్లేదు.

ఇది బ్యాకప్ కాదని గుర్తుంచుకోండి. ఎవరైనా ప్రాజెక్టు ఫోల్డర్ డిలీట్ చేస్తే డీఆర్‌బీడీ రెండో డిస్కులోనూ అదే క్షణంలో డిలీట్ చేస్తుంది. ఒకే గదిలో ఉన్న రెండు సర్వర్లు తుపాను నుంచీ కాపాడలేవు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక ఈ ఊళ్లో కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులు లేవో చూసినవాళ్లకు వివరించక్కర్లేదు. అందుకే ప్రతి రాత్రీ మా డేటా హైదరాబాద్‌లోని ఇంకో సర్వర్‌కి కాపీ అవుతుంది.

ఇప్పుడు హార్డ్‌వేర్ మార్చే దశలో ఉన్నాం. మళ్లీ ఇదే కడతాను, ఒక్క మార్పుతో. రెండు నోడ్ల (సర్వర్ల) క్లస్టర్‌లో 'వెయిట్ ఫర్ ఆల్' అనే సెట్టింగ్ ఉంటుంది: రెండూ ఆగాక మొదలైతే, అవతలిదాన్ని ఒక్కసారైనా చూడనిదే ఇవతలిది పని మొదలుపెట్టదు. పొడవాటి కరెంటు కోత తర్వాత ఒక్కటే లేచిందంటే ఎవరో వచ్చి చూడాల్సిందే. ఈసారి వేరే గదిలో ఒక చిన్న మెషిన్ మీద క్యూనెట్‌డీ (ఓటు మాత్రం వేసే ప్రోగ్రామ్) నడిపి దానికి మూడో ఓటు ఇవ్వబోతున్నాం. అప్పుడు డేటా లేని ఆ మెషిన్ ఓటు కలిసి, లేచిన ఒక్క సర్వర్‌కే క్వోరమ్ (పని మొదలుపెట్టడానికి కావాల్సిన మెజారిటీ) దొరుకుతుంది. అవతలిదాన్ని ఫెన్స్ చేశాక అదే ఫైళ్లు ఇవ్వడం మొదలుపెడుతుంది.